డ్యాష్‌బోర్డు మీది దేవుడు

మా అన్న టాంజానియా నుంచి కారు తెచ్చుకున్నాడంటే ఇప్పటికీ మా చుట్టాలు నవ్వుతారు. దుబాయి పోయినవాడు బంగారం తెస్తాడు గానీ ఆఫ్రికా పోయినవాడు కారు తేవడమేమిటని వాళ్ళ నవ్వు. నవ్వుకోనీ. నేను మాత్రం ఆ కారు సంగతి ఇంతవరకు ఎవరికీ చివరిదాకా చెప్పలేదు. చెప్పాలంటే నా తప్పు దగ్గర మొదలుపెట్టాలి. అది చేతకాక ప్రతిసారీ అన్న దగ్గరే మొదలుపెడతాను. ఇప్పుడూ అంతే.

అన్న దగ్గర మొదలుపెట్టాలన్నా నాయన చావు చెప్పక తప్పదు. మాది నల్లగొండ జిల్లాలో, సాగర్ రోడ్డు మీద పోతే వచ్చే ఒక పల్లె. నాయన తాపీ పని కోసం పట్నం వచ్చి, సరూర్‌నగర్ చెరువు దిగువన ఒక కాలనీలో రెండు గదుల ఇల్లు తన చేతులతో కట్టుకున్నాడు. ఒక ఆదివారం ఊరికి పోయి జీపులో తిరిగి వస్తున్నాడు. ఎనిమిది మంది కూర్చోవలసిన జీపులో ఇరవై మంది. నాయన వెనక కడ్డీ పట్టుకుని అంచు మీద నిలబడ్డాడు. తుర్కయంజాల్ దగ్గర జీపు పల్టీ కొట్టింది. మిగిలినవాళ్ళకు కాళ్ళూ చేతులూ విరిగాయి. నాయన ఒక్కడే పోయాడు. అన్నకు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నాకు ఎనిమిదో తరగతి.

అప్పటినుంచి అన్నకు ఒక పిచ్చి పట్టుకుంది. ఆటో ఎక్కే ముందు తలలు లెక్కపెట్టేవాడు. ఒక్క తల ఎక్కువున్నా దిగి నడిచేవాడు, మమ్మల్నీ నడిపించేవాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంటిదాకా పండగ సామాన్లు మోసుకుంటూ నడిచిన రోజు అమ్మ వాణ్ణి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. డిప్లొమా చేసి, ఎల్‌బీనగర్‌లో ఒక వర్క్‌షాపులో నాలుగేళ్ళు గ్రీజు పూసుకుని, తర్వాత టాంజానియాలోని దారెస్సలాం రేవు పట్నంలో లారీల కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. అక్కడ ఎనిమిదేళ్ళు ఉన్నాడు. ఆదివారం ఆదివారం ఫోను.

ఒక ఆదివారం ఫోనులో వాడి గొంతు వేరేగా ఉంది. కంపెనీ కారులో పోతుంటే ఎదురుగా వచ్చిన వ్యాను గుద్దిందట. స్టీరింగులోంచి గాలిబుడగ వచ్చి ముఖాన్ని పట్టుకుందట. "మెత్త మీద పడుకున్నట్టే ఉండె చెల్లె. కిందికి దిగి చూస్తే ఇంజను సీటు దాకా వచ్చింది. నాకు ఒక్క గీత పడలె" అన్నాడు. మళ్ళీ తానే, "నాయనకు గిసొంటిది ఒకటుంటే బతుకుతుండె" అన్నాడు. జీపు అంచున నిలబడ్డవాడికి బుడగ ఎక్కడ కడతారని అడగబోయి ఊరుకున్నాను. వాడు ఏడుస్తున్నాడని తెలిసిపోయింది.

ఆ రోజే వాడు రెండు నిర్ణయాలు చేసుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చేయాలి. వస్తూ వస్తూ రెండు గాలిబుడగలున్న కారు తేవాలి, ఒకటి నడిపేవాడికి, ఒకటి పక్కన కూర్చునే అమ్మకి. అప్పటికి మా గల్లీలో కార్లున్నవే మూడు, ఒక్కదాంట్లోనూ బుడగ లేదు. ఇక్కడా ఖరీదైన కార్లలో దొరుకుతుంది కదా అంటే, అక్కడ తాను రోజూ విప్పి బిగించే రకం మీద తప్ప నమ్మకం లేదన్నాడు.

తేవడం మాటలు కాదు. పాత కారును మన దేశంలోకి రానివ్వాలంటే ఎన్ని షరతులో అన్న ఫోనులో అప్పజెప్పేవాడు, నేను నోటుబుక్కులో రాసేదాన్ని. కారు పుట్టి మూడేళ్ళు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. హెడ్‌లైటు వెలుగు ఎడమ వైపుకే వాలాలి. వేగం మైళ్ళలో కాదు, కిలోమీటర్లలో చూపాలి. ఓడ బొంబాయి రేవుకే రావాలి. రేవులో దిగాక పుణె దగ్గర పరీక్ష కేంద్రంలో బ్రేకులూ హారనూ అద్దాలూ బెల్టులూ పరీక్ష చేసి సర్టిఫికెట్టు ఇస్తేనే ఇక్కడ నంబరు ఇస్తారు. అమ్మ అంతా విని, "నీ చెల్లె పెండ్లికి గూడ గిన్ని అడగలేదు కదరా" అంది. నా పెళ్ళి నిలవలేదు, అది వేరే సంగతి, అప్పటికి నేను అమ్మ దగ్గరే ఉంటున్నాను. ముగ్గురం ఫోను మీదే నవ్వుకున్నాం.

అన్న అన్నీ పాటించాడు. ఒక్క దగ్గర కూడా అడ్డదారి తొక్కలేదు. రేవులో ఇరవై రోజులు, పుణెలో పది రోజులు కారు వెంటే ఉన్నాడు. చివరికి నంబరు లేని బండిని రోడ్డు మీద నడపనని, లారీ మీద కట్టించి మా గల్లీకి తెచ్చాడు. తెల్ల కారు. దింపేసరికి కాలనీ అంతా చుట్టూ చేరింది. అన్న ఎవరినీ పట్టించుకోకుండా అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆమె చూపుడువేలు పట్టుకుని ఎదురుగా ఉన్న నల్లటి మూత మీద నడిపించాడు. దాని మీద ఇంగ్లీషులో ఎయిర్‌బ్యాగ్ అని ఉబ్బెత్తు అక్షరాలున్నాయి.

"నీకు చదువు రాకున్నా ఏలికి తెలుస్తది చూడమ్మా. దీని కిందనే నీ బుడగ ఉన్నది" అన్నాడు.

అమ్మ ఆ అక్షరాలను రెండు సార్లు తడిమింది. తర్వాత కొంగుతో తుడిచింది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులన్నీ తాళం. రిజిస్ట్రేషన్ చేసేవాళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు. సముద్రం దాటి వచ్చిన కారు మా ఇంటి ముందు ప్రహరీగోడ పక్కన గుడ్డ కప్పుకుని కూర్చుంది. అన్నకు చికాకు, నాకు మాత్రం పండగే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని. బడి మూతపడటంతో పొద్దున్నే ఉద్యమం వాళ్ళు వేసిన టెంటు దగ్గరికి పోయేదాన్ని. వంటా వార్పు రోజున నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంకాయ కూర వండినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా గొంతు పెద్దది. నినాదం ఎత్తుకోమని మైకు నాకే ఇచ్చేవాళ్ళు. ఆ రోజులంటే నాకు ఇప్పటికీ ప్రేమే. ఈ కథ చెప్పి ఆ ప్రేమను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గొంతుతోనే నేను ఇంకొక పని కూడా చేశాను.

గోడకు అవతలి ఇల్లు ఒక ఫిజిక్స్ సారుది. గుంటూరు వైపు మనిషి, కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడు, పదిహేనేళ్ళకు పైగా మా పక్కనే ఉన్నాడు. నాయన పోయినప్పుడు అన్న ఇంటర్ తప్పకుండా రాత్రీ పగలూ చెప్పి పాసు చేయించింది ఆయనే. గోడ మీదుగా వాళ్ళ గోంగూర మా ఇంటికి, మా సకినాలు వాళ్ళ ఇంటికి పోయేవి. ఆ సంవత్సరం గిన్నెలు పోవడం ఆగింది. ఎవరు ఆపారంటే మేమే. ఎవరూ పోట్లాడలేదు, ఊరికే ఆగిపోయింది.

దసరా వచ్చింది. బండికి పూజ చేయాలి కదా. నేను దిల్‌సుఖ్‌నగర్ పోయి పిడికెడంత ఇత్తడి నర్సింహస్వామిని తెచ్చాను. యాదగిరిగుట్ట దేవుడు, మా జిల్లా దేవుడు, మా ఇంటి దేవుడు. శంఖమూ చక్రమూ ఎత్తిపట్టి, కిరీటం మొనదేలి ఉన్నాడు. అన్న స్నానానికి పోయిన సమయంలో రెండు ట్యూబుల గమ్ము కలిపి డ్యాష్‌బోర్డు మీద అతికించాను. నడిపేవాడి చూపుకు అడ్డం రాకూడదని, అమ్మకు కళ్ళెదుటే ఉండాలని, ఎడమ పక్కన నున్నగా ఖాళీగా ఉన్న ఆ నల్ల మూత మీద పెట్టాను. గతుకుల్లో ఊడిపోకూడదని గమ్ము దిట్టంగా రాశాను. ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు స్వామి పీఠం కింద సరిగ్గా సరిపోయాయి.

నేను ఇంగ్లీషు టీచర్ని. ఆ మాట చదవగలను. దాని కింద ఏముందో అన్న నా ముందే చెప్పాడు. అయినా పెట్టాను. ఎందుకు పెట్టానని నన్ను నేను ఎన్ని వందల సార్లు అడిగానో. జవాబు ఒకటే. బుడగ అమ్మను కాపాడేది, దేవుడు అమ్మను కాపాడేవాడు, ఇద్దరూ ఒక్క చోట ఉంటే తప్పేమిటనుకున్నాను.

అన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి అమ్మ హారతి కూడా ఇచ్చేసింది. వాడి ముఖం మాడిపోయింది.

"గాడ ఎవరు వెట్టమన్నరే నిన్ను? తియ్యి" అన్నాడు.

"హారతి ఇచ్చినంక దేవుణ్ణి పెకిలిస్తవారా?" అంది అమ్మ. "గీ బండిల మనం పోవాల్సింది మీ నాయన పోయిన తొవ్వల్నే. స్వామి ముందటుంటెనే నేనెక్కుత. లేకుంటే నీ బండి నీకే."

అన్న చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. సముద్రం మీద నుంచి కారు తెచ్చినవాడు అమ్మ మాట మీద గెలవలేకపోయాడు. చివరికి, "సరే. అట్లయితే నువ్వు ముందట కూసోవద్దు. ఎప్పటికీ ఎనకనే. బెల్టు వెట్టుకోవాలె" అన్నాడు. అమ్మ నవ్వి, "బెల్టు అంటే మనూర్ల మందు దుకాణం కదరా" అంది. పల్లెల్లో దొంగచాటుగా మందు అమ్మే కొట్టును బెల్టు షాపంటారు. ఆ మాటకు వాడికి కూడా నవ్వొచ్చింది. అంతటితో ఆ గొడవ ముగిసింది. ఎవరి కోసం అంత దూరం నుంచి ఆ సీటు తెచ్చాడో ఆ మనిషే దాంట్లో కూర్చోకూడదని తీర్మానం అయింది.

మర్నాడు పొద్దున నేను బండి తుడుస్తుంటే సారు గోడ దగ్గరికి వచ్చాడు. ఆయన మాతో మాట్లాడి రెండు నెలలు అయింది.

"అమ్మాయ్, ఒక్క మాట. తప్పుగా అనుకోకు" అన్నాడు. "విగ్రహం పెట్టింది ఎయిర్‌బ్యాగ్ మూత మీద కదా. అది తెరుచుకోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. ఆ మూత ఎగిరినప్పుడు దాని మీద ఏముంటే అది తుపాకీ గుండులా వచ్చి ఎదుట మనిషికి తగులుతుంది. కొంచెం మధ్యకి జరపండి, చాలు. కావాలంటే గమ్ము కరిగించే మందు మా లాబ్‌లో ఉంది, తెచ్చిస్తాను."

ఎంత మర్యాదగా చెప్పాడో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు నాకు ఆ మర్యాద వినబడలేదు. ఆ యాస ఒక్కటే వినబడింది.

"నీళ్ళు మీకే, కొలువులు మీకే" అన్నాను, గల్లీ మొత్తం వినేటట్టు. "ఇప్పుడు మా గుట్ట దేవుణ్ణి యాడ కూసోవెట్టాల్నో గూడ మీరే చెప్తరా సార్?"

ఆయన గోడ మీద నుంచి చేయి తీసేశాడు. "నేను ఫిజిక్స్ చెప్పానమ్మా, అంతే" అని లోపలికి పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం టెంటులో నేను ఈ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. అన్నకు మాత్రం సారు చెప్పిన మాట చెప్పలేదు. చెబితే వాడు స్వామిని ఆ పూటే పీకేస్తాడని నాకు తెలుసు.

సమ్మె ముగిశాక ఆఫీసు తెరిచారు. బండిని చూడటానికి వచ్చిన అధికారిని మా వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టరంటారు. హారన్ కొట్టించాడు, లైట్లు వేయించాడు, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాడు. పుణె సర్టిఫికెట్టు తిప్పి తిప్పి చూసి, ఇంత పద్ధతిగా కాగితాలు తెచ్చినవాణ్ణి ఈ మధ్య చూడలేదని అన్నను మెచ్చుకున్నాడు. నంబరు వచ్చింది. ప్లేటు రాయించడానికి దిల్‌సుఖ్‌నగర్ పోతే స్టిక్కర్ల అతను మామూలుగా అడిగాడు: "ఏపీ ఎయ్యాల్నా, టీజీ ఎయ్యాల్నా అన్నా?" అప్పట్లో సగం బండ్ల మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించుకునేవాళ్ళు. నేను టీజీ అన్నాను. అన్న, "కాయితంల ఏమున్నదో గదే రాయి" అన్నాడు. నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. నంబరు ప్లేటు మీద ఒక అక్షరం తేడా ఉంటే ప్రమాదమని భయపడే మనిషి అమ్మకు ఎదురుగా ఇత్తడి ముద్ద ఎట్లా ఉండనిచ్చాడో అని తర్వాత చాలాసార్లు వాడి మీద కోపం తెచ్చుకోవడానికి చూశాను. కోపం నిలబడలేదు.

చలికాలంలో అమ్మ పుట్టినూళ్ళో ఎల్లమ్మకు మొక్కు తీర్చడానికి బయల్దేరాం. కొత్త బండికి అదే మొదటి ప్రయాణం. డిక్కీ నిండిపోగా వెనక సీట్లో బియ్యం మూట, బోనం బిందెలు, గంపలో రెండు కోళ్ళు, నేను. అమ్మ ఇరుక్కుని కూర్చోబోతే మోకాళ్ళు మడత పడలేదు. ఆమెకు అప్పటికే కీళ్ళ నొప్పులు.

"అమ్మా, నువ్వు ముందట కూసో. కాళ్ళు చాపుకోవచ్చు" అన్నాను.

"ఒద్దు" అన్నాడు అన్న. "మూటలు దింపుదాం."

"అన్నా, పదకొండింటికి ఎల్‌బీనగర్ల రాస్తారోకో ఉన్నది. కర్మన్‌ఘాట్ దిక్కు అప్పుడే టైర్లు కాలవెడుతున్నరంట. గీడనే కొట్లాడుకుంట కూసుందామా? నువ్వు నిమ్మలంగ నడుపు, ఏం గాదు."

రాస్తారోకో సమయం నాకు బాగా తెలుసు. టెంటులో నిర్ణయించినప్పుడు నేనూ ఉన్నాను. అన్న గడియారం చూశాడు. పదిన్నర. అమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చుని, స్వామికి దండం పెట్టుకుంటోంది. వాడు సీటును పోయినంత వెనక్కి జరిపి, బెల్టు లాగి తానే పెట్టి, అది బిగిసిందో లేదో రెండు సార్లు గుంజి చూశాడు.

కొత్తపేట పండ్ల మార్కెట్టు దగ్గర బత్తాయి లారీల మధ్య పావుగంట ఇరుక్కుపోయాం. ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. ముందు ఒక లారీ పోతోంది, వెనక మేము. వేగం ఎంతో కాదు, స్కూటర్ పోయేంత. ఉన్నట్టుండి పక్క సందులోంచి జనం జెండాలతో రోడ్డు మీదికి వచ్చారు. లారీ ఆగిపోయింది. అన్న బ్రేకు తొక్కాడు. బండి ఆగింది గానీ లారీ వెనక ఇనుప కమ్మీకి తగిలి ఆగింది.

మామూలు కారయితే బంపరు సొట్టపోయేది, దిగి లారీవాడితో వాదించేవాళ్ళం. ఇది అన్ని పరీక్షలూ పాసైన కారు. రెండు బుడగలూ తెరుచుకున్నాయి. ఆ చప్పుడుకు నా చెవులు మూతపడ్డాయి. బండి నిండా తెల్లటి పొడి పొగలా లేచింది. బయట ఎవరో "టియర్‌గ్యాస్, టియర్‌గ్యాస్" అని అరిచారు. జెండాలు పట్టుకున్నవాళ్ళు ముక్కులకు కండువాలు అడ్డం పెట్టుకుని పరిగెత్తారు. కోళ్ళు గంపలోంచి లేచి నా ముఖం మీద రెక్కలు కొట్టాయి. నేను వాటిని నెడుతూ, "అమ్మా, ఏం గాలేదు, ఏం గాలేదు" అంటున్నాను. అమ్మ మాట్లాడటం లేదు.

పొడి తగ్గాక చూస్తే అన్న క్షేమంగా ఉన్నాడు. అమ్మ బెల్టులో నిటారుగా కూర్చునే ఉంది. బుడగ చల్లారి ఆమె ఒడిలో దుప్పటిలా పడి ఉంది. ఆ మడతల్లో ఇత్తడి స్వామి ఉన్నాడు, మూత ముక్క పీఠానికి అతుక్కునే ఉంది. అంత దిట్టంగా రాశాను కదా గమ్ము. ఆమె ఎడమ కన్ను ఉండవలసిన చోట నేను చూడలేకపోయాను.

టియర్‌గ్యాస్ కాదని తెలిసి జనం వెనక్కి వచ్చారు. ఎవరో ఒకాయన తన గులాబీ కండువా మడిచి అమ్మ ముఖానికి అదిమిపట్టాడు. "తొవ్వ ఇయ్యిండ్రి, తొవ్వ ఇయ్యిండ్రి" అంటూ నలుగురు ముందు పరిగెత్తారు. మా ఉద్యమం వాళ్ళు ఆపడానికి కూడిన రోడ్డును మా అమ్మ కోసమే తెరిచారు. కొత్తపేటలో ఒక దవాఖానకు చేర్చాం. సాయంత్రానికి డాక్టరు బయటికి వచ్చి ప్రాణానికి భయం లేదన్నాడు, కన్ను తీసేయక తప్పలేదన్నాడు.

అన్న వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఒకటే మాట. "బుడగ కరెక్టుగనే పనిజేసింది. కరెక్టుగనే పనిజేసింది." నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి తిట్టినా, కొట్టినా బాగుండేది.

మర్నాడు సారు వచ్చాడు. గుంటూరు నంబరున్న తన బండి తీయడానికి భయపడి, ఆ వయసులో సరూర్‌నగర్ నుంచి నడిచి వచ్చాడు, చేతిలో క్యారియరు. ఇప్పుడు చెబుతాడు, అమ్మ ముందే చెబుతాడు అనుకున్నాను. అమ్మ కట్టు కింద నుంచి, "ఎట్లయింది సారూ నాకు? బెల్టు వెట్టుకున్న గద" అని అడిగింది.

సారు క్యారియరు బల్ల మీద పెట్టాడు. నన్ను చూడలేదు.

"గట్టి దెబ్బేనమ్మా. మీ స్వామి అడ్డం ఉండబట్టి ప్రాణం దక్కింది. కన్నుతో పోయింది" అన్నాడు.

జీవితమంతా పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషి. నేను బయటికి పోయి మెట్ల కింద కూర్చుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ మాటే అమ్మకు నిలిచిపోయింది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది: "నర్సింహస్వామి కాపాడిండు. ప్రాణం తీస్కపోవాల్సింది, కన్ను తీస్కోని ఇడిసిపెట్టిండు." ఇంటికి రాగానే ఆ విగ్రహం కావాలంది. నేను పీఠానికి అతుక్కున్న ప్లాస్టిక్ ముక్కను బ్లేడుతో చెక్కి తీసేశాను. ముక్క మీద ఎయిర్ అన్నంత మేరే ఉంది, మిగతాది విరిగిపోయింది. స్వామిని కడిగి పూజ గూట్లో పెట్టాను. రోజూ పొద్దున ఆమె ఉన్న ఒక్క కంటితో ఆయన్ను చూస్తూ దీపం వెలిగించేది. నేను ఆ గూటి ముందు నిలబడి దండం పెట్టడం మానేశాను. పొద్దున ఆ వేళకు నాకు బడికి ఆలస్యమయ్యేది.

కొత్త బుడగలు ఇక్కడ దొరకలేదు. దొరికినా అన్న వేయించేవాడు కాదేమో. కారు మళ్ళీ గుడ్డ కప్పుకుంది. టైర్లు దిగిపోయాయి, కప్పిన గుడ్డ చిరిగింది, చివరికి పాత ఇనుము వాళ్ళు వచ్చి కోసుకుపోయారు. సముద్రం దాటి వచ్చిన బండి ఇక్కడ తిరిగింది ఇంటి నుంచి ఎల్‌బీనగర్ దాకానే. అన్న మళ్ళీ దారెస్సలాం పోయాడు. ఫోను చేస్తాడు, అమ్మతో మాట్లాడతాడు. నాతో మాట్లాడేటప్పుడు కరెంటు బిల్లు కట్టావా, నీళ్ళు వస్తున్నాయా అని అడుగుతాడు. చెల్లె అని పిలుస్తాడు. ఆ రోజు గురించి ఒక్కసారే అన్నాడు: "నేను గట్టిగ చెప్పకపోతిని."

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేను రోడ్డు మీద ఏడ్చాను, సంతోషంతోనే. బండ్ల మీదికి టీజీ రాలేదు, టీఎస్ వచ్చింది. మేము చెరిపి రాసుకున్న అక్షరాలు రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. సారు ఉద్యోగం విరమించి ఇల్లు అమ్ముకుని గుంటూరు వైపు పోయాడు. పోయే రోజు గోడ దగ్గరికి వచ్చి, "ఉంటానమ్మాయ్, అమ్మను జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. క్షమించమని అడగాలని ఎన్ని రోజులు మాట కూడగట్టుకున్నానో. "సరే సార్" అన్నాను. ఆయన ఇప్పుడు లేడు.

రెండేళ్ళ కింద నేను ఒక చిన్న కారు కొన్నాను. అమ్మను దవాఖానలకు తిప్పడానికి ఆటోలు కుదరడం లేదు. ఈ కాలం బండ్లన్నిటికీ బుడగలు ఉంటున్నాయి, ఉండాలని రూలు. ఇంటి ముందు ఆపి అమ్మను వెనక కూర్చోమన్నాను. ఆమె వినకుండా ముందు తలుపు తీసి కూర్చుంది. నేను పక్కన కూర్చుని బండి స్టార్టు చేశాను. కొత్త బండి, బెల్టు పెట్టుకోమని గంట కొడుతోంది.

అమ్మ చేయి ఎత్తి ఎదురుగా ఉన్న మూత మీద పెట్టింది. మెల్లగా తడుముతూ పోయింది. చూపుడువేలు అక్షరాల దగ్గర ఆగింది. వాటి మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచింది.

"గీడ ఏం వెట్టకు బిడ్డా" అంది.

ఇన్నేళ్ళూ స్వామి కాపాడాడని చెప్పిన మనిషి. "నీకు ఎరుకేనా అమ్మా?" అన్నాను.

"సారు నీకు చెప్పినప్పుడు నేను లోపట కిటికీ కాడనే కారం దంచుతున్న. మొత్తం ఇన్న."

"మరి తియ్యమని ఎందుకు చెప్పలేదే?"

అమ్మ ఇంకా ఆ అక్షరాల మీదే వేలు పెట్టి ఉంది. ఆమెకు ఇవతలి వైపున్నది మంచి కన్ను. దానితో నా వైపు చూసింది.

"నువ్వు గట్ల ఎదురు జవాబిస్తే నాకు సంబురమైంది బిడ్డా" అంది. "నా బిడ్డ ఎంత మంచిగ మాట్లాడింది అనుకున్న."

తర్వాత ఆమె బెల్టు లాగి తానే పెట్టుకుంది, బిగిసిందో లేదో రెండు సార్లు గుంజి చూసుకుంది. గంట మాత్రం మోగుతూనే ఉంది. నేను పెట్టుకోలేదని అమ్మే గుర్తు చేసింది.